హద్దు బాబాయి

గల్ఫ్‌లో ఏ తెలుగు గదికి వెళ్లినా ఒక హద్దు బాబాయి తగులుతాడు. పేర్లు వేరు, జిల్లాలు వేరు. జగిత్యాల వైపు ఆయనైతే పొలం గట్టు గురించి చెబుతాడు, రాయచోటి ఆయనైతే తన బోరు పక్కన వేసిన బోరు గురించి. మా బహ్రెయిన్ బాబాయిది కోనసీమ, రాజోలు దగ్గర. ఈయనది గోడ.

సల్మాబాద్‌లో కంపెనీ ఇచ్చిన గదిలో ఆరుగురితో పాటు ఉంటాడు. పని తాపీ. రిఫాలో ఎవరి విల్లాకో వెనకాల ఒక గది కలపడం, ముహర్రక్‌లో ఎవరి అబ్బాయికో పెళ్లి కుదిరితే కొత్త జంట కోసం మేడ మీద వాటా లేపడం. అంటే వారానికి ఆరు రోజులు ఒకరి గోడని పక్కవాళ్ల గోడ దగ్గరికి జరపడమే ఆయన ఉద్యోగం. ఏడో రోజు శుక్రవారం, సెలవు. ఆ రోజంతా ఊళ్లో తన గోడ దగ్గరికి జరిగిన గోడతో యుద్ధం.

తగాదా చిన్నదే. బాబాయి ఇంటి పక్కన పినతండ్రి కొడుకు ఇల్లు. మధ్యన మూడడుగుల సందు. తాతల నాటి నుంచీ ఆ సందు ఎవరిదో ఎవరూ అడగలేదు. రెండిళ్ల కోళ్లూ అందులోనే కలిసి తిరిగేవి. తమ్ముడు కూతురికి పెళ్లి చేసి, అల్లుడొస్తే ఉండటానికని మేడ మీద గది వేశాడు. మెట్లు సందులోకి దించాడు. ఆ గది సన్‌షేడు బాబాయి ప్రహరీ దాటి తొమ్మిది అంగుళాలు ముందుకొచ్చింది. నేల మీద కాదు, గాలిలో. ఆ గాలి కోసం బాబాయి ఇప్పటిదాకా తగలేసిన దీనార్లతో సందు మొత్తాన్నీ కొనేసి ఉండొచ్చు.

కొనడానికి కాగితాలుండాలిగా! ఊరి ఇళ్లన్నీ గ్రామకంఠంలో ఉన్నాయి. పొలాలకున్నట్టు వాటికి పట్టా, పాస్‌బుక్కు లేవు. హద్దు ఏదంటే పెద్దవాళ్ల నోటిమాట, ఒక కొబ్బరిచెట్టు. 2020లో కేంద్రం స్వామిత్వ పథకం పెట్టి పల్లెల్లో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిపించడం మొదలుపెట్టినప్పటి నుంచి బాబాయికి కొత్త దిగులు పట్టుకుంది. డ్రోను పైనుంచి చూస్తుంది, పైనుంచి చూసేదానికి కనబడేది గోడ కాదు, సన్‌షేడు, కాబట్టి ఆ తొమ్మిది అంగుళాలూ తమ్ముడి ఖాతాలో పడిపోతాయని. నిజం చెప్పొద్దూ, ఆయన చెప్పిన వాటిలో నాకు కాస్త ఆలోచించదగ్గదిగా తోచింది ఇదొక్కటే.

పిట్టగోడ మీద కెమెరా పెట్టించాడు. కెమెరా చూసేది వీధి గుమ్మాన్ని కాదు, పెరటి తలుపునూ కాదు, తమ్ముడి గోడనే. ఒక రాత్రి దొంగ దర్జాగా వచ్చి నీళ్ల మోటారు విప్పుకుపోయాడు. కెమెరాలో తెల్లవార్లూ సన్‌షేడు ఒక్కటే స్పష్టంగా ఉంది. "పోతే పోయింది మోటారు, గోడ జరగలేదు కదా" అన్నాడు బాబాయి.

అక్కడ తమ్ముడి మేస్త్రి ఎనిమిదింటికి పనిలో దిగితే ఇక్కడ అయిదున్నర. బాబాయి కంపెనీ బస్సులో కూర్చుని ఫోన్లో అతన్ని చూస్తుంటాడు. ఎండాకాలం మరీ సుఖం. బహ్రెయిన్‌లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదు. మొదట్లో ఈ నిషేధం జులై, ఆగస్టు నెలలకే ఉండేది, 2025లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పెంచారు. కూలీల ప్రాణాల కోసం చేసిన మంచి పని అని అందరం సంతోషించాం. కాపలాకి ఇంకో నెల కలిసొచ్చిందని బాబాయి సంతోషించాడు.

ఊళ్లోవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆయన ప్రతి వాక్యమూ "బహ్రెయిన్‌లో అయితేనా" అని మొదలవుతుంది. "బహ్రెయిన్‌లో అయితేనా, మున్సిపాలిటీ పర్మిషన్ లేకుండా ఇటుక మీద ఇటుక పెట్టనివ్వరు. పక్కింటి వాకిలి కనబడేలా కిటికీ పెట్టడం తప్పు. ముహర్రక్‌లో పాత ఇళ్లు చూడు, వీధివైపు గోడే, వెలుతురంతా లోపలి వాకిట్లోంచే." ముహర్రక్ ఇళ్ల సంగతి నిజమే. ముత్యాల వర్తకుల నాటి ఆ ఇళ్లలో కొన్నింటిని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. కానీ పర్మిషన్ లేకుండా మేడ లేపేవాళ్లు ఇక్కడా ఉన్నారు, నోటీసులూ ఉన్నాయి. తాపీ పట్టిన బాబాయికి ఆ సంగతి మా అందరికంటే ఎక్కువ తెలుసు. ఆ మాట మాత్రం ఊరికి చేసే ఇమో కాల్స్‌లో ఎత్తడు.

ఈ మనిషికి దొరికిన దేశం కూడా ఇలాంటిదే. బహ్రెయిన్‌కీ పక్కనున్న ఖతర్‌కీ మధ్య హద్దు తగాదా దశాబ్దాల తరబడి నడిచింది. సముద్రం మధ్యలో, పోటొస్తే మునిగిపోయే ఫష్త్ అద్ దిబల్ అనే దిబ్బ ఒకటుంది. 1986లో బహ్రెయిన్ దాని మీద కట్టడం మొదలుపెడితే ఖతర్ సైనికులు దిగి పనివాళ్లను పట్టుకుపోయారు. తర్వాత వదిలిపెట్టారనుకోండి. 1991లో ఖతర్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. ఖతర్ దాఖలు చేసిన పత్రాల్లో ఎనభైకి పైగా నమ్మదగ్గవి కావని బహ్రెయిన్ అభ్యంతరం చెబితే, ఖతర్ వాటిని పక్కన పెట్టేసింది. 2001 మార్చి 16న తీర్పు వచ్చింది. హవార్ దీవులు బహ్రెయిన్‌కి, ఆ దిబ్బ ఖతర్‌కి, జుబారా కూడా ఖతర్‌కే. జుబారా అంటే 1783లో బహ్రెయిన్‌కి రాకముందు ఇక్కడి పాలకవంశం ఉన్న ఊరు. ఇప్పుడక్కడ మిగిలింది శిథిలాలు.

ఈ కథ నేనే ఒక శుక్రవారం కోల్డ్‌స్టోర్ అనే వీధి కొట్టు ముందు నిలబడి బాబాయికి చెప్పాను. రాజులకే పాత ఊరి మీద మమకారం పోలేదు, నాకెలా పోతుంది అంటాడనుకున్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆ పట్టుకుపోయిన పనివాళ్లకి ఆ నెల జీతం ఇచ్చారంటావా?" అని అడిగాడు.

తొమ్మిది అంగుళాలు ఓర్చుకోలేని ఈ మనిషి గదిలో ఉండే తీరు చూడాలి. ఆయనది కింది మంచం. పై మంచం కుర్రాడి పాదాలు రాత్రంతా బాబాయి ముక్కు ముందు వేలాడుతుంటాయి. ఎవరూ టేపు పట్టలేదు గానీ తొమ్మిది అంగుళాలకు తక్కువుండవు. ఆ కుర్రాడి తడి లుంగీ బాబాయి పరదా తాడు మీదే ఆరుతుంది. అవతలి మంచం కింద పట్టని సూట్‌కేసు బాబాయి మంచం కిందకొచ్చి ఏళ్లయింది. "పోనీలే, ఎక్కడ పెట్టుకుంటాడు పాపం" అంటాడు.

ఊరి విషయానికొస్తే మాత్రం చట్టమే. యూట్యూబులో విని విని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం పదిహేనో సెక్షను కంఠతా పట్టాడు. కిటికీలోంచి వచ్చే గాలీ వెలుతురూ ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా అనుభవిస్తే అది హక్కవుతుంది. దీన్ని ఇమోలో తమ్ముడికి చదివి వినిపించాడు. తమ్ముడూ తక్కువవాడు కాదు. "అన్నయ్యా, నువ్వు బహ్రెయిన్ వెళ్లి పద్దెనిమిదేళ్లు. ఆ వెలుతురు నువ్వెప్పుడు అనుభవించావు? అనుభవించింది వదిన. ఆవిణ్ణే కేసు పెట్టమను, ఆయ్" అన్నాడు.

వదినగారు పెట్టరు. సన్‌షేడు నీడ పడ్డాక మధ్యాహ్నం వంటగది చల్లగా ఉంటోందట. ఆవిడ వడియాలు ఎండేది కూడా ఆ మేడ మీదే, ఎక్కేది ఆ మెట్లే. బాబాయి ఒక పూట సెలవు పెట్టి, సీఫ్‌లోని మన రాయబార కార్యాలయానికి వెళ్లి, తన తరఫున వ్యవహారం నడపడానికి ఆవిడ పేరు మీద జీపీఏ పత్రం ధ్రువీకరణ చేయించి పంపించాడు. ఆవిడ భద్రంగా బీరువాలో చీరల కింద దాచారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొన్న సంక్రాంతికి బాబాయి ఊరెళ్లాడు. ఈసారి ఏదో ఒకటి తేలిపోతుందని గదిలో పందేలు కూడా కాసుకున్నారు. తిరిగొచ్చాక చెప్పిన దాన్ని బట్టి జరిగింది ఇదీ. దిగిన మర్నాడే సందులో నిలబడి సన్‌షేడు వంక చూశాడు. ఫోన్లో కనబడని సంగతులన్నీ అక్కడ కనబడ్డాయి. వాలు సరిగ్గా లేదు. అంచు కింద నీళ్లు తెగిపడే గాడి లేదు. సరిగ్గా నీళ్లు కొట్టకపోవడంతో సన్నగా పగుళ్లు. తమ్ముణ్ణి బయటికి పిలిచాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది.

"ఎవడ్రా నీ మేస్త్రి?" అన్నాడు బాబాయి. "వానాకాలం వస్తే గోడంతా చెమ్మెక్కిపోతుంది. అల్లుడు పడుకునే గదిరా అది!"

తన ప్రహరీ లోపలే పరంజా కట్టుకుని, పగిలిన అంచు కొట్టేసి, వాలు సరిచేసి, గాడి తీసి, నున్నగా తనే ప్లాస్టింగ్ చేశాడు. తమ్ముడు సిమెంటు అందించాడు, మరదలు టీ. వదినగారు వడియాలు వేయించి పెట్టారు. అన్నదమ్ములిద్దరూ ఆ మెట్ల మీదే కూర్చుని తిన్నారు.

సల్మాబాద్ చేరాక వచ్చిన మొదటి శుక్రవారమే మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పదిన్నర అంగుళాలు ఆక్రమించారంటాడు. వాలు కోసం అంచుని కాస్త ముందుకు తేవలసి వచ్చిందని అంతకుముందు తనే చెప్పిన సంగతి పై మంచం కుర్రాడు గుర్తుపెట్టుకున్నాడు.

"ఆ అంగుళమున్నర నువ్వు వేసిందే కదా బాబాయ్!"

"అది పనితనంరా. మిగతా తొమ్మిదీ ఆక్రమణ" అని, ఇమోలో వాళ్లావిణ్ణి పిలిచి, కొత్త అంచుకి తమ్ముడు రెండు పూటలా నీళ్లు కొడుతున్నాడో లేదో ఫోను దగ్గరగా పెట్టి చూపించమన్నాడు.