లెస్టర్ భోజన సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:

ఆకలేస్తే బెల్‌గ్రేవ్ పో, డబ్బులుంటే ఊళ్ళో తిను, కారుంటే మెల్టన్ దాకా వెళ్ళు.

అవతారిక. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో రైలెక్కితే గంట పైచిలుకులో వచ్చే ఊరు లెస్టర్. ఇంగ్లండ్‌కు ఇంచుమించు నడిబొడ్డు. అక్కడ రెండు విశ్వవిద్యాలయాలున్నాయి, వాటిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. సెప్టెంబరులో కొత్తగా దిగినవాడు సూట్‌కేసు తెరిచి, ఆవకాయ సీసా కారలేదని రూఢి చేసుకుని, ఆ తర్వాత అడిగే మొదటి ప్రశ్న: "అన్నా, ఇక్కడ బయట ఎక్కడ తినొచ్చు?" ఫోన్‌లోంచి తలెత్తకుండా సీనియర్ ఇచ్చే జవాబే పై సూత్రం. దీనికి కర్త ఎవరో తెలియదు. ఛందస్సు లేదు. యతి ఉందంటే, సీనియర్ ఆవలించిన చోట ఉంది.

మెతుకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, అక్కర్లేని మాట ఒక్కటీ చెప్పనని ప్రతిజ్ఞ చేసుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్యానాలు రాశాడు. ఈ టీకాకారుడు అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయలేదని మనవి.

ప్రతిపదార్థం. ఆకలేస్తే = కడుపు కాలితే (వండుకునే వంతు తనదే అయిన రోజున, అని అధ్యాహారం); బెల్‌గ్రేవ్ = ఆ పేరుగల రోడ్డుకు; పో = నడిచిపో (బస్సు ఛార్జీ మిగులుతుందని భావం); డబ్బులుంటే = నెలలో మొదటి వారమైతే; ఊళ్ళో = సిటీ సెంటర్లో; తిను = కుర్చీలో కూర్చుని తిను; కారుంటే = కారున్నవాడితో మాటలుంటే; మెల్టన్ దాకా = మెల్టన్ మౌబ్రే అనే సంత ఊరి వరకు; వెళ్ళు = పెట్రోలు ఖర్చు పంచుకుని వెళ్ళు.

ఇక టీక. సూత్రకారుడు ఆకలిని మొదట పెట్టి, డబ్బును రెండోదిగా, కారును చివర పెట్టడం క్రమాలంకారం. ఆకలికీ బెల్‌గ్రేవ్‌కూ ముడిపెట్టడం మాత్రం అలంకారం కాదు, చరిత్ర. 1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ అక్కడి ఆసియా ప్రజలకు 90 రోజుల గడువిచ్చి దేశం వదలమన్నాడు. వాళ్ళలో చాలామంది గుజరాతీలు, చాలామంది చేతుల్లో బ్రిటిష్ పాస్‌పోర్టులున్నాయి. ఆ సెప్టెంబరులో లెస్టర్ నగర పాలక సంస్థ కంపాలాలోని 'ఉగాండా ఆర్గస్' పత్రికలో డబ్బు కట్టి ప్రకటన వేయించింది. మా ఊళ్ళో ఇళ్ళు లేవు, బళ్ళు నిండిపోయాయి, దయచేసి ఇటు రావద్దు అని దాని సారాంశం. ఆ ప్రకటన చూశాకే లెస్టర్ అనే ఊరొకటి ఉందని కొందరికి తెలిసిందట. వేలమంది వచ్చారు. కెన్యా, టాంజానియా, మలావీల నుంచి వచ్చినవాళ్ళు అంతకుముందే కొందరున్నారు. బట్టల మిల్లుల్లో పనికి కుదిరి, బెల్‌గ్రేవ్ రోడ్డులో మూతబడిన దుకాణాలు అద్దెకు తీసుకున్నారు.

ఇప్పుడా రోడ్డును గోల్డెన్ మైల్ అంటారు. నగల దుకాణాలు, చీరల దుకాణాలు, మధ్యమధ్య మిఠాయి దుకాణాలు. 2021 జనాభా లెక్కల్లో లెస్టర్ వాసుల్లో ఆసియా మూలాలవాళ్ళు 43 శాతం, తెల్లవాళ్ళు 41 శాతం. దీపావళికి ఈ రోడ్డంతా దీపాల తోరణాలు కడతారు, అదీ నగర పాలక సంస్థ పూనికతోనే. రావద్దని ప్రకటన వేసిన చేతితోనే తోరణం కట్టడాన్ని ఏ అలంకారంలో చేర్చాలో లక్షణ గ్రంథాలు చెప్పలేదు.

ఈ వీధిలో పాత కాపు బాబీస్. 1976లో మొదలైన శాకాహార హోటలు. పేరు రాజ్‌కపూర్ తీసిన 'బాబీ' సినిమాది. ఇలాంటి చోట్ల బల్ల దగ్గర కూర్చునే ముందు గాజు అల్మరా దగ్గర కాసేపు నిలబడాలి. అక్కడ పాత్రా ఉంటుంది. చేమాకుల వెనకవైపు శనగపిండి, చింతపండు, బెల్లం, కారం కలిపిన ముద్ద పూసి, ఆకు మీద ఆకు పరచి, చాపలా చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. చల్లారాక చక్రాల్లా కోసి, ఆవాలు, నువ్వుల పోపులో తిప్పి తీస్తారు. కోసిన ముక్కలో ఆకుపచ్చ గీత, పసుపు గీత ఒకదాన్ని ఒకటి చుట్టుకుంటూ నడిమికి పోతాయి. పోపు వేడికి అంచు కాస్త కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి, మింగాక గొంతు దురద పెట్టకూడదు. చింతపండు వేసేది రుచికి మాత్రమే కాదు, ఆ దురదను చంపడానికి కూడా. చేమదుంప వేపుడు తిని పెరిగినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆక్షేపణ: "ఇదంతా గుజరాతీ తిండి. పప్పులో బెల్లం, కూరలో చక్కెర. కారం తినే నాలుకకు ఇక్కడేం పని?"

సమాధానం: ఆక్షేపకుడు సగమే చదివాడు. ఇది గుజరాత్ నుంచి నేరుగా వచ్చిన తిండి కాదు, ఆఫ్రికాలో రెండు మూడు తరాలు కాపురం చేసి వచ్చింది. అందుకే ఇక్కడి పలహారాల పట్టికలో ఢోక్లా పక్కన మోగో కనిపిస్తుంది. మోగో అంటే మన కర్రపెండలం. సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులకు పోయే అదే దుంప. తూర్పు ఆఫ్రికాలో అది నిత్యం తినే తిండి, అక్కడి గుజరాతీలు దానికి తమ చెయ్యి తగిలించారు. ఉడికించి, వేలంత ముక్కలుగా కోసి, నూనెలో వేయించి, కారం, నిమ్మరసం, కొన్నిచోట్ల చింతపండు పచ్చడి పట్టిస్తారు. పైన పెళుసు, లోపల పిండి. బంగాళాదుంప చిప్స్ దీని ముందు నిలవవు. గోదావరి జిల్లాలో కర్రపెండలం పండుతుంది, మిల్లుకు పోతుంది. హోటలు పట్టికకు ఎక్కడం మాత్రం అరుదు. ఇక కారమంటారా, అడిగితే వేయించిన పచ్చిమిరపకాయలు విడిగా ఇస్తారు.

లెస్టర్‌లో దోసె దొరుకుతుంది, బిర్యానీ దొరుకుతుంది. గ్రాన్బీ స్ట్రీట్‌లోని కాయల్‌లో కేరళ చేపల కూర తినొచ్చు. అయినా హైదరాబాద్ బిర్యానీ కోసం లెస్టర్ అంతా గాలించి, దొరికిన ప్రతిదాన్నీ హైదరాబాద్‌తో పోల్చి, ప్రతిసారీ నిట్టూర్చే జాతి ఒకటుంది. ఆ జాతికి ఈ టీక పనికిరాదు. ఆ ఊళ్ళో ఏది బాగుంటుందో అది తినాలని టీకాకారుడి మతం. ఆ మతం ప్రకారం బెల్‌గ్రేవ్‌లో శనివారం పొద్దున శనగపిండి జంతికల్లాంటి గాఠియా, పచ్చి బొప్పాయి తురుముతో చేసే సంభారో, అల్లం టీ రుచి చూడని లెస్టర్ చదువు అసంపూర్ణం.

రెండో పాదం: డబ్బులుంటే ఊళ్ళో. ఇక్కడ సూత్రకారుడు కాస్త తడబడ్డాడు. ఊళ్ళో తినడానికి అంత డబ్బు అక్కర్లేదు. సిటీ సెంటర్‌కు పడమర నార్‌బరో రోడ్డుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 2016లో ఆ రోడ్డులోని దుకాణదారులను పలకరిస్తే 20కి పైగా దేశాల్లో పుట్టినవాళ్ళు తేలారు. తుర్కీ కబాబు, పోలండు రొట్టె, కరీబియన్ కోడికూర ఒకే నడకలో దొరికే వీధి అది. ఇక పాత బజారు వయసు 700 ఏళ్ళు దాటింది. ఫుట్‌బాల్ ఆటగాడు గ్యారీ లినేకర్ కుటుంబం కూరగాయల దుకాణం నడిపింది అక్కడే. ఈ మధ్య పునర్నిర్మాణంలో పడింది కాబట్టి దాని రుచి గురించి ప్రస్తుతానికి మౌనం.

విశేషం. ఊళ్ళో తినడానికి అసలు డబ్బే లేనివాడికి ఆలుగడ్డ చిప్స్ పొట్లం ఉంది, అదీ లెస్టర్ సరుకే. హెన్రీ వాకర్ అనే మాంసం వ్యాపారి పెట్టిన కంపెనీకి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రేషన్ వల్ల మాంసం సరిపడా దొరకలేదు. పనివాళ్ళ చేతులు ఖాళీగా ఉంచలేక 1948లో ఆలుగడ్డలు చక్రాల్లా తరిగి వేయించడం మొదలుపెట్టారు. ఇప్పుడది పెప్సీకోది. మన కిరాణా కొట్టులో లేస్ పేరుతో వేలాడే పొట్లానికి బ్రిటన్‌లో వాకర్స్ అని పేరు.

మూడో పాదం: కారుంటే. ఈ పదం దగ్గర వ్యాఖ్యాత కొంచెం ఆగక తప్పదు. లెస్టర్‌లో కారు పెట్టే చోటు సామాన్యమైనది కాదు. 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో చచ్చిన మూడో రిచర్డ్ రాజు ఎముకలు 2012లో దొరికింది నగర పాలక సంస్థ కారు పార్కింగ్ కిందే. 2015లో కెతీడ్రల్‌లో మళ్ళీ సమాధి చేశారు. ఇది తిండికి సంబంధించిన మాట కాదనే ఆక్షేపణ న్యాయమే.

మెల్టన్ మౌబ్రే లెస్టర్‌కు ఈశాన్యాన 15 మైళ్ళు. ఆ ఊరి పేరు పంది మాంసం పై వల్ల నిలిచింది. శాకాహారులు ఈ పేరా దాటి చీజ్ దగ్గర కలుసుకోవచ్చు. పై అంటే పిండితో కట్టిన గిన్నె, దాని నిండా మాంసం, మీద పిండి మూత. మరిగిన నీళ్ళలో పంది కొవ్వు కరిగించి ఆ పిండి కలుపుతారు. మెల్టన్ పద్ధతిలో దీన్ని అచ్చులో పెట్టకుండా కాలుస్తారు, అందుకే పక్కలు బయటికి ఉబ్బి బొజ్జ పెట్టినట్టుంటుంది. మాంసాన్ని ఉప్పులో నిలవబెట్టరు, సన్నగా తరిగి వేస్తారు. కనుక కోస్తే లోపల గులాబీ రంగు కాక బూడిద రంగు కనబడుతుంది. కాలాక మూతలోని కంతలోంచి ఎముకల రసం పోస్తారు, అది పేరుకుని జెల్లీ అవుతుంది. చల్లగానే తింటారు. నాటింగ్‌హామ్ స్ట్రీట్‌లో డికిన్సన్ అండ్ మోరిస్ దుకాణం 1851 నుంచి వీటిని చేస్తోంది. 2009లో దీనికి యూరప్ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మెల్టన్ పరిసరాల బయట చేసిన పైకి ఆ పేరు పెట్టకూడదు.

ఈ పంది ఎక్కడిది? చీజ్ వల్ల వచ్చింది. స్టిల్టన్ చీజ్ చేయగా మిగిలిన విరుగుడు నీళ్ళను పందులకు పోసేవారు, బలిసిన పంది పైలోకి చేరేది. నక్కల వేటకు గుర్రాల మీద వచ్చిన దొరలు ఆ పైలను జేబులో వేసుకుని పోయేవారు, అలా పేరు లండన్ దాకా పాకింది. స్టిల్టన్‌కు పోగా మిగిలిన పాలతో ఇంకో చీజ్ చేసేవారు, అది రెడ్ లెస్టర్. దాని నారింజ రంగు జాఫ్రా గింజలది. మన మన్యంలో పండే జాఫ్రాయే. యుద్ధకాలంలో రంగు వేయడం ఆపేస్తే ఆ చీజ్ కొన్నేళ్ళు తెల్లగానే బతికింది.

స్టిల్టన్ తెల్లటి స్తంభంలా ఉంటుంది. దానిలోకి ఉక్కు సూదులు గుచ్చి తీస్తారు. ఆ కంతల్లోంచి గాలి చొరబడి, లోపలున్న బూజు మేల్కొని, నీలి నరాలై పాకుతుంది. వాసన మొదటిసారి చూసేవాడికి ధైర్యం కావాలి. రెండోసారి బ్రెడ్డు ముక్క చాలు. చట్టం ప్రకారం ఈ చీజ్‌ను లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ జిల్లాల్లోనే చేయాలి, 1996 నుంచి ఆ పేరుకు రక్షణ ఉంది. స్టిల్టన్ అనే ఊరు మాత్రం కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఉంది. పూర్వం లండన్ నుంచి ఉత్తరానికి పోయే బళ్ళు ఆగే ఊరది. అక్కడి బెల్ సత్రంలో ఈ చీజ్ అమ్మేవారు, దాంతో అమ్మిన ఊరి పేరే అంటుకుంది. ఇప్పుడు స్టిల్టన్‌లో స్టిల్టన్ చేస్తే ఆ పేరుతో అమ్మకూడదు. ఆత్రేయపురం పూతరేకులను చుట్టూ ఉన్న జిల్లాల్లో ఎక్కడైనా చుట్టొచ్చు గానీ ఆత్రేయపురంలో చుట్టరాదని చట్టం చేస్తే ఎలా ఉంటుందో అలా.

ఏది ఏ ఊరి తిండి అనే వాదం మీద పీఠం వేసుకు కూర్చునేవాళ్ళు సూత్రంలోని మొదటి, మూడో పాదాలను కలిపి చదవాలి. చీజ్‌కు పేరిచ్చిన ఊరికి ఆ పేరుతో చీజ్ అమ్మే హక్కు లేదు. రావద్దన్న ఊళ్ళో దిగినవాళ్ళ పాత్రా, మోగో ఆ ఊరి తిండి అయిపోయాయి. టీకాకారుడి దృష్టిలో లెస్టర్ స్థానిక వంటకం ఏదని అడిగితే ముందు చెప్పాల్సింది మోగో, తర్వాతే పై.

అనుబంధం. తిండికోసమే ప్రయాణం చేసే అలవాటుకు కూడా ఈ ఊళ్ళో మూలపురుషుడున్నాడు, కాకపోతే తాగుడు మాన్పించడానికి పూనుకున్నవాడు. 1841 జులై 5న థామస్ కుక్ ఇక్కడి నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని మద్యనిషేధ సభకు రైల్లో తీసుకెళ్ళాడు, మనిషికి ఒక షిల్లింగు. ఇప్పుడు లఫ్‌బరో నుంచి వేరే లైను మీద గ్రేట్ సెంట్రల్ రైల్వే వారు పాత ఆవిరి బండ్లు నడుపుతున్నారు. భోజనం పెట్టే బండి కూడా ఉంది. అందులో వైన్ కూడా పోస్తారు.

తాత్పర్యం. ఓ కొత్త విద్యార్థీ! ఆకలైనా కాకపోయినా ముందు బెల్‌గ్రేవ్‌కు పో. కడుపు నిండాక బజారు చూడు. మెల్టన్‌కు పోదలచుకుంటే మంగళవారం పో, పశువుల సంత జరిగేది ఆ రోజే. సూత్రంలోని మూడో పాదంలో మాత్రం ఒక దోషం ఉంది, దిద్దుకుని చదువుకోవాలి. లెస్టర్ స్టేషన్ నుంచి మెల్టన్‌కు నేరుగా రైలుంది. కారు అక్కర్లేదు.