కండే సర్టిఫికెట్!

"ట్రైనర్ లేకుండా బరువులెత్తితే మోకాళ్లు పోతాయి అంకుల్" అన్నాడు మా కాలనీ జిమ్ కౌంటర్ కుర్రాడు. జిమ్ ఫీజుకు మూడింతలు ట్రైనర్‌కట! అర్హతేమిటయ్యా అంటే, ఆ ట్రైనర్ చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపించాడు. ఇక నోరెత్తితే ఒట్టు.

కండబలమంటే వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడిది; గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకునేవారట. మా ట్రైనర్ చేతిలోంచి మాత్రం ఫోనే దిగదు. నేను గుంజీళ్లు తీస్తుంటే రీలు చూస్తూనే "ఇంకో రెండు సార్" అంటాడు. పది తీసినా అదే మాట, పాతిక తీసినా అదే మాట. (చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు ఇవే గుంజీళ్లు ఉచితంగా తీయించారు. పైగా లెక్క తప్పేవారు కాదు.) మూడో రోజుకే ప్రొటీన్ డబ్బా అంటగట్టాడు. ఇంట్లో పప్పు, గుడ్లు ఉన్నాయంటే జాలిగా చూశాడు.

ఖర్చు మాటకొస్తే, జిమ్‌లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 18 శాతం నుంచి 5కు దిగింది. నా నడుము మాత్రం పాత స్లాబులోనే ఉంది.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టబోయే మహానుభావులారా, ముందు సర్టిఫికెట్ చూపించమనండి. కండ కాదు, కాగితం!