అయ్యా, నాదీ చర్మమే

ఖరగ్‌పూర్ ఊళ్లో ఖరిదాలోని ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఇంట్లో చర్మాలకు సీనియారిటీ లిస్టు ఒకటి అమల్లో ఉందనీ, ఇంటి యజమానినైన నా పేరు అందులో అట్టడుగున ఉందనీ సంబంధిత అధికారులకు మనవి చేసుకుంటున్నాను. మొదటి రెండు స్థానాలూ హల్వాకీ సందేశ్‌కీ దక్కాయి. ఇవి మిఠాయిలు కావు. మనవరాలి పుట్టినరోజుకి మా అబ్బాయి తెచ్చిపెట్టిన గినీ పిగ్‌లు. రెండూ ఆడవే కావడం ఒక్కటే దేవుడు నా మీద చూపిన దయ.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) వర్క్‌షాపులో పనికి వచ్చిన నాటి నుంచీ మా వంశంలో దురద పుడితే గోక్కోవడమే వైద్యం. ఎండాకాలం చెమటకాయలకి పౌడరు, వానాకాలం కాలివేళ్ల సందులు చెడితే పసుపు. డాక్టరు మాట ఎత్తినవాడు లేడు. అలాంటి ఇంట్లో మొన్నటి వానల్లో సందేశ్ వెనకకాలితో వీపు గోక్కుంది. అంతే, ఇల్లు స్తంభించిపోయింది. అదే సమయంలో నేనూ గుమ్మానికి వీపు ఆనించి గోక్కుంటున్నాను. ఎవరూ చూడలేదు.

నిజం చెప్పాలంటే దాని అవస్థ పెద్దదే. వీపు మీద బొచ్చు ఊడి, పొట్టు లేచి, వేలు తగిలితే చాలు కీచుమంటోంది. మా ఆవిడ వెంటనే వేపనూనె, పసుపు, కర్పూరం వేసిన కొబ్బరినూనె కలిపి గిన్నెతో వచ్చేసింది. ఆ గిన్నె నాకు పాత పరిచయం. పెళ్లయిన దగ్గర్నుంచీ నా అనుమతి లేకుండా నా ఒంటి మీద నడుస్తున్న ప్రయోగమది. కానీ పశువుల డాక్టరు ఒక్క మాటతో ఆపేశాడు. ఒంటికి ఏది రాసినా అవి నాకేస్తాయట, కర్పూరం కడుపులోకి పోతే విషమట. పోనీ ఆదివారం కుంకుడుకాయతో తలంటు పోద్దామా అంటే అదీ కూడదన్నాడు. ఊరికే స్నానాలు చేయిస్తే చర్మం పొడిబారుతుంది, పైగా జలుబు చేస్తుందట. “పాపం, అంత సున్నితం” అని మా ఆవిడ గిన్నె వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్లలో నా విషయంలో ఆ గిన్నె ఒక్కసారీ వెనక్కి వెళ్లలేదు.

డాక్టరు బ్లేడుతో చర్మం పైపొర మెల్లగా గీకి, గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులో చూసి ట్రిక్సాకేరస్ అన్నాడు. మన గజ్జి పురుగుకి దగ్గర చుట్టం. చర్మంలో సొరంగాలు తవ్వుతుంది. ముదిరితే ఆ దురద బాధకి జంతువుకి ఫిట్సు కూడా వస్తాయి. మందు ఐవర్‌మెక్టిన్, బరువును బట్టి లెక్కకట్టి ఇవ్వాలి. పురుగు గుడ్ల మీద అది పనిచేయదు కనక, అవి పిల్లలయ్యాక మళ్లీ డోసు. గోక్కోని హల్వాకీ అదే వైద్యం, ఎందుకంటే కాపురం ఒకే బోనులో. కుక్కల మందులు వాడకూడదు, పెన్సిలిన్ జాతి మాత్రలు నోట్లో పడితే పేగులు పాడై ప్రాణాలకే ముప్పు. ఇవన్నీ మా కోడలు ఫ్రిజ్ మీద రాసి అంటించింది. నా బీపీ మాత్రల చీటీ ఇంతకు ముందు అక్కడే ఉండేది.

ఐవర్‌మెక్టిన్ కథ ఎత్తితే నాకింకో మంట. దాన్ని కనిపెట్టినవాళ్లకి 2015లో నోబెల్ వచ్చింది. మన దేశంలో కొన్ని జిల్లాల్లో బోదకాలుకి దాన్ని డి.ఇ.సి. మాత్రతో కలిపి మింగిస్తారు. ఆ డి.ఇ.సి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనలో బయటపడినదే. ఆయనకి నోబెల్ లేదు. తెలుగువాడి చర్మసేవకి ఎక్కడా గుర్తింపు లేదని ఇందుమూలంగా తెలుస్తోంది.

ఇక తిండి. ఈ జీవానికి మనలాగే విటమిన్ సి ఒంట్లో తయారు కాదు. బయటి నుంచి అందకపోతే బొచ్చు గరుకెక్కుతుంది, చర్మం పొలుసులు కడుతుంది, కీళ్లు వాస్తాయి, పుండు మానదు. కిలో బరువుకి రోజుకి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. నీళ్లలో చుక్కలు కలిపితే కాసేపటికే సత్తువ పోతుంది, తాజాగానే పెట్టాలి. అందుకని ఖరిదా బజారులో రోజూ ఎర్ర క్యాప్సికమ్, కొత్తిమీర, ఓ జామకాయ. జామలో తీపి ఎక్కువ కనక వాటికి చిన్న ముక్కే. మిగతాది నాకొస్తుందనుకుంటారేమో. “రేపటికి ఉంటుంది” అని ఫ్రిజ్‌లో పెడతారు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు ఈ జంతువులకి ధాన్యం మాత్రమే పెట్టి స్కర్వీ తెప్పించారు. దాంతో మనుషుల స్కర్వీ గుట్టు పట్టుకునే దారి దొరికింది. ఆ బాకీ ఇప్పుడు నా పెన్షన్లోంచి తీరుతోంది.

గరిక విషయం సిగ్గుచేటు. వినాయకుడు ఏడాదికోసారి అడుగుతాడు, వీళ్లకి రోజూ కావాలి. కొడవలి పట్టుకుని నేను గట్లెంట తిరుగుతుంటే పాత షెడ్డు మిత్రులు “ఏటి బావా, గేదె కొన్నావా” అంటున్నారు. కుక్కలు తిరగని చోటు, మందు కొట్టని చోటు వెతకాలి, కడిగి ఆరబెట్టాలి.

బోనులో తీగల అడుగు తీసేయించారు, పాదాలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయని. ఇప్పుడు బోనులో పరిచిన మెత్తటి గుడ్డ నా శాలువా. తడి తగిలితే బూజు జబ్బు పట్టుకుంటుందని దాన్ని రోజూ మారుస్తారు. ఆ జబ్బు మనుషులకీ అంటుతుంది. మనవరాలి మోచేతి మీద గుండ్రటి మచ్చ తేలేసరికి పొద్దున్నే స్కిన్ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. అది తామరే. నా నడుము మీద అలాంటిదే ఎన్నాళ్లుగానో ఉందని అప్పుడే మనవి చేసుకున్నాను. “మీది పాతదేనండీ” అంది మా ఆవిడ.

ఇప్పుడు హల్వాకి రెండు పక్కలా సమానంగా బొచ్చు రాలుతోంది. దురద లేదు, పొట్టు లేదు. ఆడవాటిలో ఇలా అయితే అండాశయంలో నీటితిత్తులు ఉండొచ్చట, స్కానింగ్‌కి కలకత్తా వెళ్లాలి. నా రైల్వే పాసులో భార్య పేరుంది గానీ హల్వా పేరు లేదు. ప్లాట్‌ఫారం మీద బుట్ట మోసేది నేనే. మా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. గోరఖ్‌పూర్, హుబ్లీ దాన్ని మించిపోయాయని ఊళ్లో అందరూ బాధపడుతుంటారు. బుట్ట మోసేవాడికి ఈ పొడవే ఎక్కువ. “అక్కడ స్కిన్ స్పెషలిస్టులు చాలామంది ఉంటారు కదండీ” అంది మా ఆవిడ నిన్న రాత్రి, “హల్వా పని తొందరగా అయిపోయి టైము మిగిల్తే మీ నడుం కూడా చూపిద్దాం.”