ఆటోనగరమా, నీ దయ గొప్పది

పద్దెనిమిదో శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథ కవి సింహాచలం అప్పన్నను నిలదీసి మరీ స్తుతించాడు. సింహాద్రి నారసింహ శతకం అలా పుట్టిందే. ఆ కొండ కింద బతికేవాణ్ణి కనుక నాకూ కాస్త చనువుంది. ఆటోనగరమా, నిన్ను పొగుడుతున్నాను. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

నీకు రాని రిపేరు లేదు. గాజువాక మీదుగా ఏ లారీ ఏ స్థితిలో వచ్చినా నీ షెడ్డులో నిలబడితే చాలు. ఛాసిస్ వంగితే సరిచేస్తావు, కమాన్లు విరిగితే కొత్త కట్ట వేస్తావు. పోయిన జన్మలో ఈ బండి ఏం పాపం చేసిందోనని ఏనాడూ అడగవు. ఆ ప్రశ్న నా ఎడమ కాలి కోసం దాచిపెట్టావు. టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు, "పుట్టుకతోనేటి బాబూ?" అని మొదలుపెట్టి కర్మ దాకా వెళ్తావు.

నాది పోలియో కాలు. నా స్కూటర్‌కు పక్క చక్రాలు బిగించింది నీ మెకానిక్కే. నన్ను సీటు మీద కూర్చోబెట్టి, పురికొసతో కాలి పొడవు కొలిచి, కాలి బ్రేకును చేతి దగ్గరకు తెచ్చాడు. మలుపులో బండి ఒరగకుండా చక్రం ఎంత ఎత్తులో ఉండాలో నేల మీద బోర్లా పడుకుని చూశాడు. ఎంతయిందంటే చేతులు తుడుచుకుంటూ, "మీ దగ్గర డబ్బులేటి బాబూ, పుణ్యం వస్తాది" అన్నాడు. జేబులో జీతం డబ్బులున్నాయి. ఎంత చెప్పినా పుచ్చుకోలేదు. నా వెనక నిలబడిన లారీ ఓనరుతో మాత్రం రూపాయి రూపాయికీ బేరమాడాడు. మంచివాడు. ఆయన చెయ్యి నన్ను సరిగ్గా కొలిచింది, నోరు బిచ్చగాణ్ణి చేసింది.

నీ బలమూ గొప్పదే. బ్యాంకు మెట్ల దగ్గర నేనాగితే నలుగురు కుర్రాళ్లు పని వదిలి పరిగెత్తుకొస్తారు. అడక్కుండానే ఎత్తుకుంటారు. చంకల కింద గ్రీజు చేతులు పడతాయి. లోపలికెళ్లేసరికి చొక్కా నిండా మరకలు, లైనులో ఉన్నవాళ్ల కళ్లన్నీ నా మీదే. ఏళ్ల తరబడి ఎత్తుతున్నారు, ఒక్కనాడూ విసుక్కోలేదు. ఎత్తేవాళ్లు ఇంతమంది ఉండగా ర్యాంపు ఎవరికి గుర్తొస్తుంది? 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 జూన్‌లో నిబంధనలొచ్చాయి. ఉన్న ప్రజా భవనాలన్నిటినీ అయిదేళ్లలో అందరూ వెళ్లగలిగేలా మార్చాలన్నారు. ఆ గడువు 2022లోనే తీరిపోయింది. ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నీ కుర్రాళ్ల భుజాలు ఇంకా డ్యూటీ దిగలేదు.

పవర్ ప్రెస్సు కింద వేళ్లు పోయినవాళ్ల మీద నీ జాలి ఇంకా పెద్దది. 1923 నాటి నష్టపరిహార చట్టం వాళ్లకో పట్టీ రాసింది: బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం. ఆ పట్టీ దాకా పోనివ్వకుండా కొందరు ఓనర్లు ఆస్పత్రి బిల్లు కట్టేస్తారు, ఇంటికి బియ్యం పంపుతారు, గేటు దగ్గర స్టూలు వేస్తారు. లేత్ మీద వెంట్రుకవాసి తేడా పట్టేసిన కళ్లు ఆ స్టూలు మీద కూర్చుని లారీ నంబర్లు రాసుకుంటాయి. వేళ్లతో పాటు పనితనమూ పోయిందని నీకెవరు చెప్పారు? ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదన్న రక్షణ 2016 చట్టం ప్రభుత్వ సంస్థలకే రాసింది. షెడ్డులో ఓనరు మనసే చట్టం.

నన్నెత్తొద్దు. ర్యాంపుకు ఒకటికి పన్నెండు లెక్క, అరడుగు ఎత్తుకు ఆరడుగుల వాలు. మూడు మెట్లకు ఎంతో నీకు నేను చెప్పాలా? చెకర్డ్ ప్లేటు, యాంగిళ్లు, వెల్డింగ్ రాడ్లు నీ ప్రతి షెడ్డులోనూ ఉన్నాయి. చేసిపెట్టు, కూలి ఎంతో చెప్పు. లారీ ఓనరుతో ఆడినట్టే నాతోనూ బేరమాడు.