ఎండ ఉంది, కరెంటు లేదు

పట్నంలో సోలార్ పెట్టించుకున్న మనిషిని గుర్తుపట్టడం చాలా తేలిక. మే నెల మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి విసురుకుంటుంటే, ఒక్కడు మాత్రం మేడెక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని తన పలకల వంక అపనమ్మకంగా చూస్తుంటాడు. పైన సూర్యుడు ఫుల్ డ్యూటీలో ఉన్నాడు. కింద ఫ్యాను తిరగడం లేదు. మధ్యలో తను పోసిన లక్షలు ఏమయ్యాయో అంతుబట్టదు.

అమ్మినవాడు అబద్ధమేమీ ఆడలేదు. "బిల్లు సున్నా" అన్నాడు గానీ "కోత సున్నా" అనలేదు. వీధి లైనుకి కలిపే మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. ఆగకపోతే మన మేడ మీది కరెంటు వెనక్కి తీగల్లోకి పారి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. అంటే ఆ డబ్బా చేసిన పని సబబే. ఎండని దాచుకునే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటే, వీధితో తెగతెంపులు చేసుకుని మన ఇంటి వరకూ నడిపేసేది. అవి రెండూ వద్దన్నది మనమే.

ఎందుకు వద్దన్నాం? 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కిలోవాటుకి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడూ ఆపైన ఎన్నైనా 78 వేలు ఇస్తారు. లెక్కంతా పలకల కిలోవాట్లకే, బ్యాటరీకి కాదు. ఊరికే రానిదాన్ని కొనే అలవాటు మనకి లేదు. పైగా పలకలైతే ఫ్లైఓవర్ మీంచి వెళ్లే బంధువులకి కనబడతాయి. మెట్ల కింద పెట్టె ఎవరి కంట పడుతుంది?

"నెట్ మీటరింగ్ ఉందిగా, ఊరి లైనే మన బ్యాటరీ" అంటాడు తెలివైనవాడు. పగలు ఊరికి పోస్తాం, రాత్రి ఊరి దగ్గర తెచ్చుకుంటాం. బాగానే ఉంది. కానీ ఊళ్లో ప్రతి మేడా పన్నెండింటికి పోసి, ప్రతి ఇల్లూ రాత్రి ఏడింటికి ఏసీ, గీజర్, సీరియల్ ఒక్కసారే పెట్టుకుంటే తెచ్చేదెక్కణ్ణుంచి? సూర్యుడికి ఓవర్‌టైమ్ అలవాటు లేదు. ఈ సంగతి పైవాళ్లకి అర్థమైంది. సోలార్ ప్లాంట్ల టెండర్లలో కనీసం రెండు గంటల నిల్వ కలపమని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో సలహా ఇచ్చింది. నంద్యాల జిల్లా పిన్నాపురంలోనైతే మిగులు కరెంటుతో నీళ్లని కొండ మీదికి తోడి, గిరాకీ వేళకి కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల ప్రాజెక్టే పెట్టారు. వాళ్లు కొండెక్కించి దాస్తున్నారు, మనకి మెట్ల కింద జాగా లేదు.

విశాఖ వాళ్లకి ఇదంతా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూసినవాళ్లు వాళ్లు. తుఫాను దాటాక ఎండ రావడానికి ఎంతోసేపు పట్టదు. పడిపోయిన స్తంభాలు లేవడానికే పడుతుంది. అప్పుడు మేడ నిండా పలకలుండి బ్యాటరీ లేనివాడికీ, ఏమీ లేనివాడికీ తేడా ఒక్కటే: మొదటివాడికి ఈఎంఐ ఉంటుంది.

మా అపార్ట్‌మెంటు జనరల్ బాడీలోనూ బ్యాటరీ ప్రస్తావన వచ్చింది. రిటైర్డ్ ఏఈగారు ఓపిగ్గా చెప్పారు: ఐదు యూనిట్ల లిథియం బ్యాటరీ ఉంటే మూడు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫ్రిజ్, వైఫై దాదాపు రాత్రంతా లాగిస్తాయి, ఏసీ వేశారో, మూడు నాలుగు గంటల్లో ఖాళీ. "మరి ఏసీ నడవకపోతే బ్యాటరీ దేనికండీ?" అన్నారు రెండో అంతస్తాయన. "అయినా ఏడాదికి ఎన్నిసార్లు పోతుంది కరెంటు?" అని లాజిక్కు తీశారు మరొకరు. ఎవరూ పడుకోని మూడో బెడ్‌రూముకి ఏసీ పెట్టించిన పెద్దమనిషే ఆయన. "లిథియం పేలుతుందటగా, వాట్సాప్‌లో చూశాను" అన్నారు ట్రెజరర్ గారు. సెల్లార్లో జనరేటర్ కోసం తెచ్చిన రెండు పీపాల డీజిల్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారాయన. "లిథియంలోనూ ఐరన్ ఫాస్ఫేట్ రకం అంత తేలిగ్గా అంటుకోదండీ" అని ఏఈగారు ఇంకా ఏదో చెప్పబోతుండగా సమోసాలు వచ్చాయి.

బ్యాటరీ సంగతి వచ్చే ఏడాదికి వాయిదా పడింది. గేటు మీద ‘సౌరశక్తితో నడిచే హరిత నివాసం’ అని ఎల్‌ఈడీ బోర్డు పెట్టడానికి మాత్రం చేతులన్నీ లేచాయి. కరెంటు పోయినా బోర్డు ఆరకూడదని దాన్ని జనరేటర్ లైనుకి కలిపారు.