రిజర్వు ఫారెస్టు బోర్డుకు టీకా తాత్పర్యము

మూలము: ఇది రిజర్వు ఫారెస్టు. అనుమతి లేనిదే ప్రవేశించరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.

అవతారిక: ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే అనంతపురం పీఠభూమిలో, ముచ్చుకోట కొండల వంటి చోట్ల, బండిబాటకు అడ్డంగా నిలిచిన ఇనుపగేటు పక్కన ఇటువంటి మూలం కనబడుతుంది. కర్త పేరు లేనంత మాత్రాన దీన్ని అపౌరుషేయమని, అంటే ఏ మనిషీ చెప్పని వేదవాక్కు వంటిదని, భ్రమించరాదు. ఇది అటవీశాఖవారి రచన.

ప్రతిపదార్థము: ఇది = గేటుకు అవతలి నేల; ఇరువైపులా కంచె లేని గేటు విషయంలో అవతల ఎక్కడ మొదలవుతుందన్నది వివాదాస్పదం. రిజర్వు ఫారెస్టు = 1967 నాటి అటవీ చట్టం ప్రకారం ప్రభుత్వం 4వ సెక్షను కింద ప్రతిపాదించి, జనుల హక్కులను విచారించి, 15వ సెక్షను కింద ప్రకటించిన భూమి; ఆ ప్రకటన ఉంటే తుమ్మ, రేగు, బోదగడ్డి, బండరాళ్లు కూడా అడవే. అనుమతి = పై అధికారి ఇవ్వాలని కిందివారూ, కిందివారిని అడిగితే చాలునని పై అధికారీ చెప్పేది. ప్రవేశించరాదు = ఎవరు అన్నది అధ్యాహారం, అనగా వాక్యంలో లేని పదాన్ని చదివేవారే తెచ్చుకోవాలి. 20వ సెక్షను అక్రమ ప్రవేశాన్నీ పశువుల మేతనూ కలిపి నిషేధించింది గనుక, చెట్టు కింద పులిహోర తినవచ్చిన బడిపంతులూ ఆకు మేయవచ్చిన మేకా శాస్త్రదృష్టిలో సమానులే. మేకకు చదువు రాదు కాబట్టి దాని దోషం కొంత తక్కువ.

తాత్పర్యము: నరికేవాణ్ణి, మేపేవాణ్ణి, రాయి తీసేవాణ్ణి, నిప్పు పెట్టేవాణ్ణి చట్టం పేరుపేరునా ఎరుగును గానీ, కాసేపు నీడన కూర్చుని వెళ్లేవాడు దానికి అపరిచితుడు.

విశేషములు: ఈ అపరిచయం పాతది. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. బళ్లారి నుండి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే. అడవిని రిజర్వు చేసే ముందు సెటిల్‌మెంటు అధికారి విచారించవలసినవి బాట, నీరు, మేత, అటవీ ఫలసాయం వంటి హక్కులు. ఊరకే తిరగడం హక్కుగా ఎవరికీ తోచలేదు. వనభోజనం మాత్రం అంతకు ముందునుంచీ ఉన్నదే.

వనభోజనానికి గేటు తెరవరాదన్న పూర్వపక్షం, అనగా ఎదుటివారి వాదం, బలహీనమైనది కాదు: నాటిన మొక్క బతకడమే గగనమైన కరవు నేలలో ఒక్క బీడీముక్క ఎండిన బోదగడ్డి కొండనంతా మాడ్చగలదు, విందు ముగిశాక ప్లాస్టిక్ ప్లేట్లు అక్కడే మిగులుతాయి. అయితే గడ్డి ఎండేది వేసవిలో, జనం ఉసిరిచెట్టును వెదికేది వానలు పడ్డాక వచ్చే కార్తీకంలో. రెండు కాలాలకూ ఒకే తాళం వేయడం రక్షణ కన్నా సోమరితనానికే దగ్గర. నిప్పును ఏ రుతువులో, ఏ తీరున వాడవచ్చునో అధికారి ప్రకటించవచ్చునని 1967 నాటి చట్టమే వెసులుబాటు ఇచ్చింది.

పాఠాంతరములు: స్కాట్లండు 2003లో చేసిన చట్టం బాధ్యతగా నడిచేవారికి చాలావరకు నేలనంతా తెరిచింది, అది తడిదేశపు పాఠం, ఇక్కడ యథాతథంగా పొసగదు. విశాఖ దగ్గర కంబాలకొండలో టికెట్టు కొని లోపలికి పోవచ్చునన్నది దేశీయ పాఠం. కార్తీక మాసానికి మాత్రం రోజులు, చోటు, పొయ్యి పెట్టదగిన బండ, విస్తళ్లు ఎత్తవలసినవారు ఎవరన్నది పేర్కొంటూ ఒక ప్రకటన వెలువడితే అనంతపురానికి చాలును. చివరి అంశం మీద మాత్రం చర్చ మార్గశిరంలోకి సాగే సూచనలున్నవి.