మా మామ ఆలోచిస్తా ఉండాడు

మా ఊరు మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్యన. అక్కడి టమోటా రైతుల సంఘానికి మా మేనమామే పెద్ద. ఆయన తొందరపడి ఒక్క నిర్ణయం చేసిన పాపాన పోలేదు. "అన్ని పక్కలా చూడాల్రా అబ్బోడా" అంటాడు. ఊరికే మాటవరసకు కాదు, నిజంగానే చూస్తాడు.

పెద్ద సమస్య వస్తే హార్స్‌లీ హిల్స్ ఎక్కుతాడు. కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఎండకు తాళలేక ఆ ఏనుగు మల్లమ్మ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. మా మామ మెంబర్లకు తాళలేక పోతాడు. నాలుగు వేల అడుగుల పైనుంచి చూస్తే అందరి పొలాలూ ఒకటే అంత కనిపిస్తాయంట. దిగొచ్చి ఇంట్లో పుంగనూరు ఆవు పక్కన గొంతుకూచుంటాడు. మూడడుగుల ఆవు ఎత్తుకు వంగితేనే కూలోళ్ళ కష్టం తెలుస్తుందంట. నవ్వుతాం గానీ, కాయలు కోసే ఆడోళ్ళ పక్కన కూచుని వాళ్ళ మాట వినే సంఘం పెద్దను నేను ఇంకొకర్ని చూడలేదు. సంఘం డబ్బుతో టీ కూడా తాగడు. ఆ తర్వాత కుప్పం బస్సు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా, అక్కడికి కర్ణాటక వియ్యంకుడొచ్చి ఒకటి చెప్తాడు, తమిళనాడు తోడల్లుడొచ్చి ఇంకొకటి చెప్తాడు.

చిక్కేమంటే, చివర కలిసినోడి మాటే ఆయనకు వేదం. ఆ సంగతి తెలిసి మావాళ్ళు, మిగతా అందరూ వెళ్ళిందాకా అరుగు మీద కాసుకుని కూచుంటారు.

2023 ఎండాకాలంలో టమోటా నారు తెద్దామా వద్దా అనే మాట వచ్చింది. ధర లేక చాలామంది పంట మానుకున్నారు, కాబట్టి ఇప్పుడేస్తే గిట్టుబాటవుతుందని కుర్రాళ్ళ వాదన. మామ కొండెక్కి "వేద్దాం" అన్నాడు. కుప్పం పోయొచ్చి "వద్దు" అన్నాడు. జూలైలో మదనపల్లె యార్డులో కిలో నూరు దాటింది. అప్పుడు తెచ్చినాడు నారు! ఊరూరా అందరూ అదే పని చేసినారు. మా కాపు చేతికొచ్చిన సెప్టెంబరుకు ధర నేలకంటింది. అందులో నా ఎకరం కూడా ఉంది, లేకుంటే ఇంత రాయను.

మీటింగులో ఒక కుర్రోడు లేచి, "మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లో తనకోసం నడిచే సంఘాన్నే రద్దు చేసేసినాడు మామా, నువ్వు కనీసం ఈ మీటింగన్నా రద్దు చెయ్" అన్నాడు. మామకు కోపం రాలేదు. "అదీ చూడాల్సిన పక్కే" అని, ఆ కృష్ణమూర్తి పెట్టిన రిషివ్యాలీ బడి దాకా పోయొస్తానన్నాడు.

ఇప్పుడు డ్రిప్పు పైపుల సంగతి నడుస్తా ఉంది. మీకు ఆయనతో పనిపడితే పొద్దున్నే పోవద్దు. రాత్రి అన్నం తిని పడక పరుచుకునే వేళకు పోండి.